అమ్మమ్మ పాటలకి ఇంకా చోటుంది

కొంచెం పెద్ద పోస్టు, టైమున్నప్పుడు చదవండి.

మాది అరకు దాటాక కొండ మీద చిన్న ఊరు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. ఇప్పుడు వైజాగ్ హాస్టల్లో ఉంటున్నాను. మా అమ్మమ్మ థింసా పాటలు పాడుద్ది. ఇటుకల పండక్కి తుడుము, మోరి, కిరిడి మోగుతుంటే ముందు గొంతు ఆమెదే. ఇప్పుడు ఆయాసం వచ్చి రెండు పాటలకే కూర్చుండిపోతోంది. పోయినేడు ఫోన్లో రికార్డు చేశాను. ఆ ఫోన్ గెడ్డలో పడిపోయింది, పాటలూ పోయాయి.

ఈ ఏడు మళ్ళీ పాడించాను. 9 పాటలు, 27 నిమిషాలు. అమ్మమ్మ తన గొంతు తను వినాలని నా ఆశ. ఆమెకి ఫోన్ లేదు, సిగ్నల్ కావాలంటే కొండ ఎక్కాలి. ఇంట్లో ఉన్నది పాత సీడీ ప్లేయర్ ఒక్కటే.

నా క్లాస్‌మేట్‌ది జాలరిపేట. వాళ్ళన్న పాత కంప్యూటర్‌కి సీడీ రైటర్ ఉంది. "ఏట్రా, ఈ రోజుల్లో సీడీ ఏటి?" అని నవ్వాడు గాని ఆదివారం రమ్మన్నాడు. ఇద్దరం కలిసి చేశాం. సంబరంగా ఊరికి పట్టుకెళ్తే ప్లేయర్ "నో డిస్క్" అంది. అమ్మమ్మ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

తప్పు మాదే. పెన్‌డ్రైవ్‌లో వేసినట్టు ఎంపీ3 ఫైళ్ళు కాపీ కొట్టాం. అది డేటా సీడీ అవుతుంది. చాలా పాత ప్లేయర్లు దాన్ని చదవలేవు. రైట్ చేసేటప్పుడు "ఆడియో సీడీ" అని ఎంచుకోవాలి. అలాగైతే 700 ఎంబీ సీడీలో 80 నిమిషాలే పడతాయి. రెండోసారి ఆడాసిటీలో పాటలు విడివిడిగా కత్తిరించి, వేవ్ ఫైళ్ళు చేసి, తక్కువ స్పీడులో రైట్ చేశాం. మధ్యలో కోడి కూసింది, అది తియ్యలేదు.

హాస్టల్లో మా భాషలో ఫోన్ మాట్లాడాలంటే నేను బయటికెళ్ళిపోతాను. అలాంటిది ఆ రోజు వాడు స్పీకర్లో పెద్దగా పెట్టేసరికి నాకు చెమట పట్టింది. గుమ్మం దగ్గర కూర్చున్న వాళ్ళ నాయనమ్మ లోపలికొచ్చింది.

"మాటలు తెలీవు గాని రాగం బాగుంది. ఎవుల్రా పాడింది?"

"మా అమ్మమ్మండి."

ఆమె మనవడి వైపు తిరిగింది. "గంగమ్మ పండక్కి మేమూ పాడతాం. మా పాటలు ఎవుడు పట్టినాడు?"

వాడు మాట్లాడలేదు. ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు.

సీడీ మీద మార్కర్‌తో అమ్మమ్మ పేరు, ఊరు, తేదీ రాశాను. ఆధార్ కార్డు మీద తప్ప ఆమె పేరు ఎక్కడా రాసి ఉండగా నేను చూడలేదు.

ఈసారి ప్లేయర్ పాడింది. ఇంటి ముందు జనం చేరారు. అమ్మమ్మ ఏడుస్తుందనుకున్నాను. 9 పాటలూ విని, "నాలుగోదాంట్లో ఒక చరణం మర్చిపోయాను, మళ్ళీ పట్టు" అంది.

"ఇందులో కుదరదు అమ్మమ్మా, కొత్తది చెయ్యాలి" అన్నాను.

"ఒకదాంట్లో ఇంకా ఎంత చోటుంటాది?"

"53 నిమిషాలు."

వేళ్ళ మీద పాటలు లెక్కపెట్టడం మొదలెట్టింది.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పాడుతుంటే ఈ సెలవులకే పట్టండి. పేరు, ఊరు, తేదీ తప్పకుండా రాయండి. సీడీ ఎండలో ఉంచితే పాడైపోతుంది, కాబట్టి ఒక కాపీ ఊళ్ళో, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఎలా చెయ్యాలో తెలీకపోతే నన్నడగండి. వచ్చే నెల నేను మళ్ళీ జాలరిపేట వెళ్తున్నాను.