జేబులోదా, బల్లమీదిదా?

మా అమ్మకు 1951 నాటి 'మల్లీశ్వరి' పాటలంటే ప్రాణం. ఫోనులోని అంకెలను స్పీకర్లకోసం నాదంగా మార్చే 'డాక్' కొనాలన్నాడు మావాడు. సి.డి.లో సెకనుకు 44,100 నమూనాలట! గణవిభజన తప్ప వేరే గణితం రాని తెలుగు మాస్టర్ని, తలూపాను.

జేబులో పట్టేదానికి ఫోను కరెంటే చాలు. బల్లమీదిదానికి వెనక స్పీకర్ల తీగెలు, ముందు వాల్యూం మర. "చెవికి తెలిసే తేడా తక్కువే నాన్నా!" అన్నాడు. చిన్నదే కొన్నాం.

మర్నాడు వాడు కాలేజీకి వెళ్లాడు. వాడి వెంట ఫోనూ, డాకూ వెళ్లాయి. అమ్మ సాయంత్రందాకా మూగ స్పీకర్లముందు కూర్చుంది; ఒక్కమాట అడగలేదు.

ఆదివారం బల్లమీదిది తెచ్చి, పాటలు నింపిన పాత ఫోనొకటి దానికి కట్టేశాను, గుంజకు ఆవును కట్టినట్టు. ఇప్పుడు మర అమ్మ చేతిలో ఉంది. పెద్దవాళ్ల పాట గడప దాటరాదు సుమండీ!