కొట్లో తిననిది ఇంట్లో తింటుందా?

కొత్తగా కొన్న సముద్రపు చేప మేత ముట్టడం లేదంటే అందరి నోటా వచ్చే మాట ఒకటుంది: "రెండ్రోజులు వదిలెయ్యండి, ఆకలేస్తే అదే తింటుంది." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పేవాళ్లకు దురుద్దేశం ఉండదు. కానీ ఆ వదిలేసిన రోజుల్లోనే చాలా చేపల పని అయిపోతుంది. మొదట రాళ్ల చాటున నక్కి ఉంటే కొత్త కదా అనుకుంటాం. తర్వాత మేత కళ్ల ముందునుంచే జారిపోతున్నా అది పట్టించుకోదు. ఆపైన ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు పొడుస్తాయి, మొప్పలు ఎగసెగసి ఆడతాయి. అప్పుడు సలహా మారుతుంది: "మందు వెయ్యండి." ఈ రెండు సలహాలకూ పునాది ఒకటే. చేపకు కష్టం మన తొట్టిలోకి వచ్చాకే మొదలైందన్న నమ్మకం అది. నేను చెప్పేది దీనికి ఎదురు. ఆ చేప కష్టం మన గుమ్మం తొక్కక ముందే మొదలైంది. దాన్ని బతికించే నిర్ణయం కూడా డబ్బులు చెల్లించక ముందే జరగాలి.

మంచినీటి చేపలతో పోల్చి చూస్తే సంగతి తెలుస్తుంది. గోల్డ్ ఫిష్, గప్పీ, ఏంజెల్ లాంటివి చెన్నై కొళత్తూరు వంటి చోట్ల తరాల తరబడి తొట్లలో పుట్టి పెరిగినవే. సముద్రపు అలంకార చేపల్లో అత్యధికం అలా కాదు. వాటిని పగడపు దిబ్బల మీద పట్టి తెస్తారు. ప్రపంచ మార్కెట్‌కు పెద్ద ఎత్తున పంపేవి ఫిలిప్పీన్స్, ఇండోనేసియా. పట్టిన మనిషి నుంచి ఒడ్డున ఉన్న వ్యాపారికి, అక్కణ్నుంచి ఎగుమతిదారుకి, విమానంలో దిగుమతిదారుకి, చివరికి కొట్టుకి, చేప ఇన్ని చేతులు మారుతుంది. ప్రయాణానికి ముందు ప్రతిసారీ దాన్ని ఒకటి రెండు రోజులు పస్తు పెడతారు. సంచిలో మలం చేరితే నీళ్లు విషమవుతాయి కాబట్టి అది అవసరమే. కానీ ఆ పస్తులన్నీ కలిసి ఒకే ఒంటి మీద పడతాయి. కొట్లో మనం చూసే చేప అప్పటికే చాలా రోజులుగా సరిగా తినని చేప. నుదురు మీద, వెన్ను పక్కన కండ తగ్గి, పొట్ట లోపలికి పోయి ఉంటే ఆ సంగతి మన కళ్లకే కనబడుతుంది. చూడాలంతే.

సంచి సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మంచి మనసున్నవాళ్లు కూడా ఇక్కడ పొరపాటు చేస్తారు. మూసిన సంచిలో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. అమ్మోనియా కూడా పేరుకుంటుంది గానీ, పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపు అందులో ఎక్కువ భాగం అంతగా హాని చెయ్యని అమ్మోనియం రూపంలోనే ఉంటుంది. సంచి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది. అమ్మోనియం కాస్తా మొప్పల్ని కాల్చే అమ్మోనియాగా మారుతుంది. దూరం నుంచి వచ్చిన సంచిని విప్పి, గంటల తరబడి బొట్టు బొట్టుగా కొత్త నీళ్లు కలపడాన్ని జాగ్రత్త అనుకుంటాం. నిజానికి ఆ గంటలన్నీ చేప విషంలోనే ఉంటుంది. సంచి మూసి ఉండగానే తొట్టిలో తేల్చి వేడి సమం చెయ్యాలి. కొట్టు నీళ్ల ఉప్పుశాతం ఎంతో ముందే అడిగి, కొత్త తొట్టిని దానికి సరిపెట్టుకోవాలి. చాలా కొట్లు పరాన్నజీవుల్ని అణచడానికి ఉప్పు తక్కువగా ఉంచుతాయి. సముద్రపు చేప ఒంట్లోని ద్రవాల ఉప్పు సముద్రంలో మూడోవంతు మాత్రమే. నీరు ఎప్పుడూ ఒంట్లోంచి బయటకు పోతూనే ఉంటుంది, అందుకే అది నిరంతరం సముద్రాన్ని తాగుతూ, అదనపు ఉప్పును మొప్పల ద్వారా బయటికి తోసేస్తూ బతుకుతుంది. ఆ మొప్పలే దెబ్బతిన్నప్పుడు ఉప్పు ఒక్కసారిగా పెంచితే తిండి మీదికి మనసెలా పోతుంది?

ఇక తిండి. చాలామంది మొండి చేప అంటారు, ఈ నింద అన్యాయం. సీతాకోక చేపల్లో చాలా జాతులు పగడపు జీవుల్నే కొరికి తింటాయి. మూరిష్ ఐడల్ ఆహారంలో పెద్ద భాగం స్పాంజీలు. మాండరిన్ చేప రోజంతా కంటికి ఆనని కోపెపాడ్లనే చిన్న జీవుల కోసం రాళ్లు వెతుకుతుంది. వీటి ముందు ఎండు రేకులో గుళికలో చల్లితే అవి తిండి అని వాటికి తెలియదు. బతికున్న ఆర్టీమియా అనే చిట్టి రొయ్యలతో మొదలుపెట్టి, కదలిక చూసి నోరు తెరిచాక గడ్డకట్టించిన మైసిస్ రొయ్యకు, ఆ తర్వాతే గుళికలకు మళ్లించాలి. కొన్ని జాతులు ఎంత ఓపిక పట్టినా మళ్లవు. వాటిని అసలు కొనకూడదు.

మందు గురించి కూడా ఇంతే గట్టిగా చెబుతాను. తెల్ల చుక్కల జబ్బుకు కారణం క్రిప్టోకారియన్ అనే ఏకకణ జీవి. చేప ఒంటి మీద అది ఉండేది 3 నుంచి 7 రోజులే. తర్వాత రాలిపోయి, ఇసుకలో రాళ్ల మీద గూడు కట్టుకుని, వందల పిల్లల్ని వదులుతుంది. చుక్కలు పోగానే తగ్గిందని సంబరపడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు. అమిలూడినియం అనే మరో పరాన్నజీవి ఇంకా ఘోరం. అది ముందు మొప్పల్లో చేరుతుంది కాబట్టి, పైకి మచ్చ ఏదీ కనబడకముందే చేప తిండి మానేస్తుంది, రోజుల్లోనే పోతుంది. దీనికి నికరమైన మందుల్లో రాగి ఒకటి. కానీ రాగి రొయ్యల్నీ పగడాల్నీ చంపుతుంది, తొట్టిలోని రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి, పైగా చేప ఆకలిని ఇంకా చంపుతుంది. అసలే తినని చేపకు ఆకలి చంపే మందు!

అందుకే నా పట్టుదలంతా క్వారంటైన్ తొట్టి మీద. రాళ్లూ ఇసుకా లేని చిన్న తొట్టి, దాక్కోవడానికి ప్లాస్టిక్ గొట్టం ముక్క, ముందుగా బ్యాక్టీరియా పట్టించిన స్పాంజి ఫిల్టర్, 4 నుంచి 6 వారాల గడువు. ఖాళీ తొట్టిలో చేప ఇంకా బెదురుతుందని కొందరంటారు. పోటీపడి మేత లాక్కునే పాత చేపల మధ్య పడేస్తే బెదరదా? పైగా ఈ విడి తొట్టిలో తిన్నదీ లేనిదీ మన కళ్లకు తెలుస్తుంది. ఇన్నేళ్లుగా క్వారంటైన్ లేకుండానే పెంచుతున్నాం అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల తొట్లలో ఉన్నవి తట్టుకుని మిగిలినవి. తట్టుకోలేనివి లెక్కలో లేవు. ఒకే కొట్లో కొన్న డామ్సెల్ బతికి, బ్లూ టాంగ్ పోయిందంటే ప్రయాణం కారణం కాదని అర్థం కాదు. తెల్ల చుక్కల జబ్బుకు టాంగ్ జాతులు తేలిగ్గా లొంగుతాయి.

కొట్లో తినే చేపనే కొనాలన్న మాట మీద ఒక అభ్యంతరానికి మాత్రం విలువ ఇస్తాను. 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో మొదలైన సయనైడ్ వేట సంగతి అది. పగడాల సందుల్లోకి సోడియం సయనైడ్ చిమ్మి, మత్తెక్కిన చేపను పట్టడం ఆ వేట. అలా దెబ్బతిన్న చేప కొంతకాలం తిని కూడా చనిపోవచ్చు. కాబట్టి కొట్లో తిన్నంత మాత్రాన భరోసా లేదన్నది నిజం. దానికి జవాబు తొట్లలో పుట్టిన చేప. తమిళనాడు మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం క్లౌన్ చేపల్ని పొదిగించి పెంచే పద్ధతిని ఏనాడో రూపొందించింది. 2016లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు బ్లూ టాంగ్‌ను కూడా తొట్టిలో పుట్టించారు. ఇలాంటి పిల్లలకు గుళికలు చిన్నప్పటి నుంచీ అలవాటే. తొట్లలో పుట్టినవే కొని ద్వీపాల జాలర్ల పొట్ట కొడతారా అంటే, చిన్న వలతో జాగ్రత్తగా పట్టేవాళ్ల చేపకు ఎక్కువ ధర పెట్టి కొనండి. విషం చిమ్మి పట్టిన చవక చేపను కొనడమే వాళ్ల దిబ్బల్ని చంపి వాళ్ల పొట్ట కొడుతోంది.

కొట్టుకి వెళ్లినప్పుడు మొహమాటపడకండి. మీ కళ్లెదుట మేత వేసి చూపించమనండి. తింటే, బయానా ఇచ్చి ఇంకో వారం అక్కడే ఉంచమని, ఆ తర్వాత మళ్లీ చూసి తెచ్చుకోండి. తినకపోతే అది ఎంత అందమైనదైనా, జాలేసినా, కొనకండి. మీరు కొన్న ప్రతి తినని చేప స్థానంలోకి అలాంటిదే ఇంకొకటి వస్తుంది.