కనిపించని కళ్ళజోడు

నా పెళ్ళిచూపుల్లో నేను పెళ్ళికొడుకుని చూడలేదు. సిగ్గుతో తల వంచుకున్నాననుకునేరు! సిగ్గూ లేదు, బిడియమూ లేదు. హాల్లోకి పంపే ముందు మా అమ్మ నా కళ్ళజోడు లాగేసి బియ్యం డబ్బా మీద పెట్టేసింది, అంతే. మైనస్ నాలుగున్నర పవరున్న మనిషి జోడు తీసేస్తే, ఎదురుగా కూర్చున్నది పెళ్ళికొడుకో, అతని మేనమామో తెలిసే మార్గం లేదు. నాకు ఒక తెల్ల చొక్కా, దాని పక్కన ఒక నీలం చొక్కా కనిపించాయి. "అబ్బాయి నచ్చాడా?" అని రాత్రి అమ్మ అడిగితే, "ఏ చొక్కా?" అన్నాను.

మావారు ఈ ముక్క ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తూంటారు. నేనూ నవ్వుతాను. కానీ ఆ సాయంత్రం వంటింట్లోకి వచ్చి బియ్యం డబ్బా మీద తడుముకుని జోడు పెట్టుకున్నప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

అందుకే రెండేళ్ళ క్రితం మా అక్కయ్య కూతురు బుజ్జికి పెళ్ళి కుదిరినప్పుడు, "మూడు ముళ్ళూ పడేదాకా కళ్ళజోడు ఎవరి కంటా పడకూడదు" అని అక్కయ్య హుకుం జారీ చేస్తే, నేను పెద్ద సంస్కర్తలా మధ్యలో దూరాను. "దానికంత బాధెందుకే, కాంటాక్ట్ లెన్సులు నేను కొనిపెడతాను. పిన్ని పెళ్ళి కానుక అనుకో" అన్నాను. బుజ్జి నా మెడ చుట్టూ చేతులేసింది. ఒక కానుక ఇచ్చి అంత సంతోషించడం, ఆ తరవాత అంత కుమిలిపోవడం నా జన్మలో అదొక్కసారే.

దుకాణంలో కుర్రాడు అయిదు నిమిషాల్లో పెట్టుకోవడం, తీయడం నేర్పేశాడు. పెట్టెలో నాలుగు మడతల కాగితం ఒకటుంది. పకోడీల పొట్లం కాగితం కూడా చదవందే పారెయ్యని దాన్ని, దాన్ని మాత్రం విప్పలేదు.

పైగా లెన్సుల పుట్టుక గురించి అక్కడే బుజ్జికి కథ చెప్పాను. బి.ఏ.లో హిస్టరీ చదివిన దురద ఎక్కడికి పోతుంది! ప్రేగ్ నగరంలో ఓటో విక్టర్లే అనే శాస్త్రవేత్త 1961 క్రిస్మస్ రోజుల్లో, కొడుకు ఆడుకునే ఇనప ముక్కల బొమ్మల సెట్టూ, సైకిల్ డైనమో కలిపి ఒక యంత్రం కట్టి, వంటింటి బల్ల మీద మెత్తటి లెన్సులు తయారుచేశాడు. ఆయన భార్య కూడా చేయి వేసిందట. పండగపూట బల్లంతా యంత్రం ఆక్రమిస్తే ఆ మహాతల్లి వడ్డన ఎక్కడ చేసిందో మాత్రం చరిత్రకారులెవరూ రాసినట్టు లేదు.

పెళ్ళి తణుకులో. కల్యాణ మండపంలో ఆడపెళ్ళివారికిచ్చిన రెండు గదుల్లో నలభై మంది. బుజ్జి సాయంత్రం నాలుగింటికి లెన్సులు పెట్టుకుంది. రాత్రి తీసేసి జోడు పెట్టుకోవాలి కదా? పెట్టుకుంటే పసుపు దంచడం దగ్గర్నుంచి పాపిడిబిళ్ళ దాకా పరీక్షించడానికి గదిలోకి వచ్చిపోయే మగపెళ్ళివారి ఆడవాళ్ళు చూడరూ? లెన్సులతోనే పడుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి మంగళస్నానం. పసుపూ, సున్నిపిండీ, కుంకుడుకాయ రసం, అన్నీ కళ్ళల్లోకే. కుడికంటి లెన్సు పక్కకి జారితే, పసుపు వేళ్ళతోనే తీసి, కొళాయి కింద కడిగి మళ్ళీ పెట్టేసుకుంది. ముహూర్తం ఆ రాత్రి పదకొండింటికి. అప్పటికే కుడికన్ను నీళ్ళు కారుస్తోంది. అందరూ హోమం పొగ అనుకున్నాం. అప్పగింతలప్పుడు పిల్ల ఒక కంటితోనే ఎక్కువ ఏడ్చిందని నాకొక్కదానికే తోచింది. తోచినా ఊరుకున్నాను.

మర్నాడు అత్తగారింటి నుంచి గుసగుసగా ఫోను. "పిన్నీ, లెన్సులు పొద్దున్న తీసేశాను. కన్ను ఎర్రగా ఉంది. వెలుతురు చూడలేకపోతున్నా."

"నిద్ర లేక అయ్యుంటుందే. కాస్త పడుకో" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. రాయకుండా వదిలెయ్యచ్చు కానీ, వదిలేస్తే ఇదంతా రాయడమెందుకు?

అక్కడ వైద్యాలు మొదలయ్యాయి. కలక అన్నారొకరు. నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టారొకరు. పక్కింటి బాలింతని పిలిచి చనుబాలు రెండు చుక్కలు వేయించారొకరు. ఎవరి ప్రేమకీ వంక పెట్టలేం. అసలు సంగతి తెలిస్తే కదా! లెన్సుల మాట చెబితే కళ్ళజోడు మాట బయటపడుతుందని బుజ్జి పెదవి విప్పలేదు. సాయంత్రం వీధి చివర మందుల షాపు నుంచి చుక్కల మందు తెచ్చారు. అది వేశాక ఎరుపు కాస్త తగ్గింది, అమ్మయ్య అనుకున్నారు. నొప్పి మాత్రం రాత్రంతా తగ్గలేదు.

మూడో రోజు సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. పీట మీద కూర్చున్న పిల్ల మొహం ఎత్తితే, కుడికంటి నల్లగుడ్డు మీద, కాస్త పక్కగా, గసగసం గింజంత తెల్లటి చుక్క. నా గుండె ఆగినంత పనయింది. ఇంకేం రహస్యం!

"వదినగారూ, మన్నించాలి. పిల్లకి చిన్నప్పటి నుంచీ కళ్ళజోడుంది. పెళ్ళిలో కనబడకూడదని లెన్సులు పెట్టాం. కొనిచ్చింది నేనే. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి" అన్నాను.

ఆవిడ తెల్లబోయి, "జోడు దాచడానికా ఇంత అవస్థ?" అంది. అల్లుడు కారు తాళాలు తీసుకుంటూ చల్లగా, "ఆ సంగతి నాకెప్పుడో తెలుసు పిన్నిగారూ. తన ఆఫీసు కార్డు మీద ఫొటో కళ్ళజోడుతోనే ఉంది" అన్నాడు. మా అక్కయ్య గోడకి ఆనుకుని అలాగే కూలబడిపోయింది.

విజయవాడలో డాక్టరమ్మ ముందు అడిగింది, "లెన్సులూ, వాటి డబ్బా తెచ్చారా?" అని. అదృష్టం కొద్దీ అవి హ్యాండ్ బ్యాగులో కుంకం పొట్లాల మధ్య ఉన్నాయి. వాటినీ, కంటి మీద పుండు నుంచి సున్నితంగా గీకి తీసిన పొరనీ పరీక్షకి పంపింది. పుండంటే పుండే. మన పెద్దవాళ్ళు 'కంట్లో పువ్వు వేసింది' అంటూండేవారే, ఇలాంటి పుండు మానాక మిగిలే తెల్లమచ్చే అది.

నేను అడిగిన తెలివితక్కువ ప్రశ్నలకి కూడా ఆవిడ ఓపిగ్గా జవాబు చెప్పింది. నల్లగుడ్డు పైన అద్దంలా ఉండే పొర అరమిల్లీమీటరు మందం. దానికి రక్తనాళాలు లేవు. కావలసిన ప్రాణవాయువు చాలామటుకు కన్నీటి ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది. లెన్సు కప్పి, దానిమీద రెప్ప కూడా మూసి రాత్రంతా ఉంచితే ఉక్కిరిబిక్కిరై నీరసిస్తుంది. అలాంటి పొర మీద చిన్న గీత పడితే చాలు, క్రిమికి సింహద్వారం తెరిచినట్టే. కొళాయి నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటుందిట, కంట్లో చేరితే నెలల తరబడి వదలదుట. బుజ్జిది అది కాదు, బాక్టీరియా అని తరవాత తేలింది. అది మరో రకం తొందరమనిషి. ఒకటి రెండు రోజుల్లోనే కన్ను తినేయగలదు.

"ఆ చుక్కల మందులో స్టీరాయిడ్ ఉంది. ఎరుపు తగ్గిస్తుంది. లోపల క్రిమి మాత్రం హాయిగా పెరుగుతుంది. కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, వెలుతురు చూడలేకపోతే లెన్సు తీసేసి ఆ పూటే డాక్టరు దగ్గరికి రావాలి గానీ, పడుకుంటే పోతుందని ఎవరు చెప్పారు?" అందావిడ.

బుజ్జి నావైపు చూడలేదు. చూడకపోవడమే నాకు పెద్ద శిక్ష అయింది.

గంట గంటకీ మందు, రాత్రుళ్ళు కూడా. శోభనం ముహూర్తం కాస్తా ఆసుపత్రి గదిలో గడిచిపోయింది. అల్లుడు ఫోనులో అలారం పెట్టుకుని, చేతులు కడుక్కుని, గంటకోసారి లేచి చుక్కలు వేశాడు. నేను వేస్తానంటే, "మీరు పడుకోండి పిన్నిగారూ" అన్నాడు. తెల్ల చొక్కానో నీలం చొక్కానో తెలియకుండా పెళ్ళి చేసుకున్న నాకు, ఆ పిల్లాడి మొహం ఆ రాత్రి గంటకోసారి స్పష్టంగా కనిపించింది.

పుండు మానడానికి మూడు వారాలు పైనే పట్టింది. మచ్చ పక్కకి ఉండబట్టి చూపు దక్కింది. సరిగ్గా మధ్యలో అయ్యుంటే ఎవరో దానం చేసిన పొర వేయాల్సి వచ్చేదేమో అంది డాక్టరమ్మ. జోడు పెట్టుకున్నా చార్టులో కింది వరస మాత్రం ఇప్పటికీ ఆ కంటికి అందదు.

కిందటి నెల బుజ్జి ఆడపడుచుతో కలిసి మా ఇంటికి వచ్చింది. ఆ పిల్ల కాలేజీలో చదువుతోంది, లెన్సులు పెట్టుకుంటుంది. రాత్రి పడుకోబోయే ముందు చూడాలి వాళ్ళ తంతు! మా నాయనమ్మ మడి దీని ముందు బలాదూరు. "సబ్బుతో కడిగావా? ఆరనీ. కాటుక తర్వాత తుడుచుకో, ముందు లెన్సు తియ్యి. అదేమిటి, నిన్నటి సొల్యూషన్‌లో కొత్తది కలుపుతావా? పారబోయ్. నువ్వు కొన్నది వట్టి సెలైన్, అది కడగడానికే గానీ క్రిమిని చంపదు. డబ్బా ఎన్నాళ్ళ నుంచి వాడుతున్నావు? మూడు నెలలు దాటితే అవతల పారెయ్యి!" నీళ్ళు తగలకుండా ఆ డబ్బాని సొల్యూషన్‌తోనే కడిగించి, శుభ్రమైన కాగితంతో తుడిపించి, బోర్లించి ఆరబెట్టించింది. ఆ పిల్ల నావైపు తిరిగి, "చూశారా, మా వదిన నన్నెలా వేపుకు తింటోందో!" అంది.

ఆ పిల్ల పడుకున్నాక బుజ్జిని పిలిచాను. "ఏదీ, ఆ మచ్చ ఎక్కడుందో చూపించవే."

కళ్ళజోడు తీసి దీపం కేసి మొహం తిప్పింది. నాకు కనబడలేదు. నా జోడు తీసి చీరకొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాను. ఇప్పుడు కనిపించింది.

"పోనిద్దూ పిన్నీ" అంటూ తన జోడు పెట్టేసుకుంది.