వన్‌టౌన్ పిల్లల గాలి లెక్క

విశాఖపట్నములో రైలు దిగినవారు చాలామంది తిన్నగా బీచి రోడ్డుకు పోతారు. పాతనగరము వైపు, అనగా వన్‌టౌన్ వైపు, తిరిగేవారు తక్కువ. మేము ఈసారి అటే తిరిగాము. తెలుగు క్రైస్తవులకు ఈ పట్టణము పరాయి చోటు కాదు. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డేగ్రాంజ్ 1805లో ఇక్కడికి వచ్చి, సువార్తలను తెలుగులోనికి మార్చే పనికి పూనుకున్నారు. క్రాన్ 1809లోను, డేగ్రాంజ్ 1810లోను కన్నుమూశారు. 1812లో మూడు సువార్తలు శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి చూచుకొనుటకు ఇద్దరూ లేరు.

రాస్ హిల్ మెట్లెక్కి మరియమాత గుడి ముందు నిలబడితే ఊరి స్వరూపము తెలుస్తుంది. ప్రక్క కొండల మీద ఒకచోట దర్గా, మరొకచోట వేంకటేశ్వరుని కోవెల. కాలువ ఆవల డాల్ఫిన్స్ నోస్. క్రింద 1933లో ప్రారంభమైన ఓడరేవు. రేవులో బొగ్గు దిగుతుంది, ఇనుప ఖనిజము ఎక్కుతుంది. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. ఆరవేసిన బట్టల సంగతి వన్‌టౌన్‌లో ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది. ఉత్తరాన సింహాచలము కొండలు, దక్షిణాన యారాడ కొండ, నడుమ పళ్ళెములో పెట్టినట్టు ఊరు. చలికాలపు రాత్రులలో నేలకు దగ్గరగా చల్లబడిన గాలి కదలక నిలిచిపోతుంది. పొగ, దుమ్ము దానితోపాటే నిలుస్తాయి.

మేము చూడబోయినది అక్కడి ఒక మిషను బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలు చేస్తున్న సైన్సు పని. వారి పరికరము మొదట చాలా చవకైనది. తెల్లని అట్టముక్క మీద సెంటీమీటరు గళ్ళు గీసి, పలుచగా వేజిలైన్ పూసి, వాన తగలని చోట చూరు క్రింద ఏడు దినములు వ్రేలాడదీస్తారు. తరువాత భూతద్దము పెట్టి ఒక్కొక్క గడిలోని రేణువులు లెక్కిస్తారు. నల్లవి వేరు, ఎర్రవి వేరు. గేటు దగ్గర ఒకటి, మేడమీద ఒకటి, వంటశాల వెనుక ఒకటి, తరగతి గదిలో ఒకటి. లెక్కపెట్టేవారు ఇద్దరు, ఇద్దరి లెక్కా కలియకపోతే మూడవవారు మళ్ళీ లెక్కపెట్టాలి. ఈ నియమము పిల్లలే పెట్టుకున్నారట. సంఘపు కానుకలు లెక్కించేచోట కూడా ఇదే పద్ధతి గదా అని మేము నవ్వుకున్నాము.

అయితే కంటికి కనబడే దుమ్ము అసలు శత్రువు కాదు. దానిలో చాలా భాగము ముక్కులోను గొంతులోను ఆగిపోతుంది. తలవెంట్రుక మందము సుమారు 50 నుండి 70 మైక్రాన్లు. రెండున్నర మైక్రాన్లకు లోబడిన సన్నని రేణువులు, పి.ఎం. 2.5 అని పిలిచేవి, ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. మన దేశపు 2009 ప్రమాణము ప్రకారము 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో అవి 60 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. వీటికి అట్టముక్క చాలదు గనుక, పూర్వ విద్యార్థి ఒకరు లేజరు కాంతితో రేణువులను పట్టే చిన్న పెట్టె కొనియిచ్చారు.

పెట్టె వచ్చిన వారమే చిక్కు వచ్చింది. తెల్లవారుజామున అంకె ఎక్కడికో పోయేది. రేవులో ఏ ఓడ వచ్చిందా అని పిల్లలు ఆరా తీశారు. ఏ ఓడా కాదు, సముద్రపు తేమ! గాలిలో తేమ హెచ్చినప్పుడు రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, మంచు బిందువులనుకూడ ఆ పెట్టె దుమ్మే అనుకుంటుంది. అప్పటినుండి ప్రతి అంకె ప్రక్కన తేమ శాతము, గాలి వీచే దిక్కు వ్రాస్తున్నారు. తేమ మరీ ఎక్కువైన గంటలను ఎర్ర సిరాతో చుట్టి విడిగా ఉంచుతున్నారు. మా మట్టుకు మాకు ఆ ఎర్ర సున్నలే ఆ నోటుబుక్కులో మంచి భాగమనిపించింది. అనుకూలమైన పెద్ద అంకెను ప్రక్కకు నెట్టడము పెద్దలకే కష్టము.

ఇంకొక సంగతి వారిని ఆశ్చర్యపరచింది. తరగతి గదిలో అంకె పైకెగిరేది రేవు వలన కాదు, ఉదయము ప్రార్థనకు ముందు పొడి చీపురుతో ఊడ్చేటప్పుడు! ఇప్పుడు ఆయమ్మ నీళ్ళు చిలకరించి, సాయంత్రమే ఊడుస్తోంది. వెనుక ఆకులు కాల్చడము మానిపించారు. ఇన్‌హేలరు జేబులో పెట్టుకొని వచ్చే ఒక ఏడవ తరగతి బాబును చీపురు వేళ గదిలోనికి రానీయడములేదు.

గేటు దగ్గరి అట్ట మాత్రము నల్లగానే ఉంది. రేవులో బొగ్గు గుట్టల మీద నీళ్ళు చిలకరిస్తారు, పరదాలు కప్పుతారు. 2019లో ప్రారంభమైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమములో విశాఖ పేరున్నది. అయినా ఆ అట్టను మాకు చూపించిన అమ్మాయి గొంతు తగ్గించి, "మా నాన్న రేవులోనే పని చేస్తారండి. ఇది పేపరులో వేస్తారా?" అని అడిగింది. నీ పేరు వేయము తల్లీ అన్నాము. ఆమె భయము పేరును గురించి కాదని తరువాత తెలిసింది. ఇంట్లో ఈ లెక్క చూపించినప్పుడు తండ్రి చాలాసేపు చూచి, "ఈ నలుపే మన బియ్యము" అన్నాడట. మరునాడు ఆయనే, బొగ్గు ఏ గంటలలో దింపుతారో తనకు తెలిసినంతవరకు ఒక కాగితము మీద వ్రాసి పంపాడు. ఆ కాగితము నోటుబుక్కులో అంటించి ఉంది.

ఫలితాల చార్టును గేటుకు కట్టాలని పిల్లల కోరిక. తలిదండ్రులు చూచి పిల్లలను మాన్పించేస్తారేమోనని కొందరు టీచర్లకు జంకు. చూడవలసినవారు వారే గదా అని సైన్సు టీచరమ్మ వాదము. ప్రార్థించి నిర్ణయిద్దాము అన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. మేము బయలుదేరేవేళకు చార్టు ఇంకా స్టాఫ్ రూములో బీరువా మీదనే ఉంది. వరండాలో నలుగురు పిల్లలు క్రిందకూర్చొని, వచ్చే వారానికి అట్టముక్కలు కత్తిరిస్తున్నారు.