యెల్లింగు గ్రామము

డెన్మార్కు దేశపు జట్లండు ద్వీపకల్పమున, వైలె పట్టణమునకు వాయవ్యముగా సుమారు 10 కిలోమీటర్ల దూరమున, యెల్లింగు అను చిన్న గ్రామము గలదు. ఒక వేసవినాడు మావారితో గూడ మేమచట రైలు దిగితిమి. ఉత్తరదేశ మగుటచే అచట జూను మాసమున రాత్రి పది గంటల వఱకును వెలుతురుండును. చుట్టును పొలములు, పచ్చిక బయళ్లు. డెన్మార్కు ప్రధాన భూభాగమున 171 మీటర్లకు మించిన సహజమైన గుట్టయే లేదు. అందుచే ఊరి నడుమనున్న రెండు మట్టిదిబ్బలు దూరమునకే కానవచ్చును.

ఈ దిబ్బలు పూర్వపు రాజులు పోయించినవి. ఉత్తరపు దిబ్బలోని కొయ్యగదికై 958వ సంవత్సర ప్రాంతమున చెట్లు నఱకిరని, దూలములలోని వలయములనుబట్టి నిర్ణయించిరి. దిబ్బల నడుమ తెల్లని ప్రాచీనమగు చర్చి యున్నది. దాని వాకిట రెండు శిలాశాసనములు గలవు. 1994లో యునెస్కోవారు వీనినన్నిటిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి.

పెద్దశిలను హరాల్డు రాజు తన తలిదండ్రుల స్మృతికై నిలిపెను. డెన్మార్కును, నార్వేను గెలిచితిననియు, ప్రజలను క్రైస్తవులను జేసితిననియు అందు వ్రాయించెను. నేడు మన చేతిఫోనులలోని బ్లూటూతునకు ఆ పేరు ఈ రాజు మాఱుపేరునుండియే వచ్చినది.

చిన్నశిల అతని తండ్రి గోర్ము రాజు భార్యయగు థైరా స్మృతికై నిలిపినది. అందామె డెన్మార్కునకు "బోట్" అని యున్నది. ఈ పదమునకు పండితులు చిరకాలము అలంకారమని యర్థము చెప్పిరి; బలము, రక్ష యని చెప్పువారును గలరు. మాకీ వివాదము వింతగా దోచలేదు. సంస్కృతమున "అలమ్" అనగా చాలినది, సమర్థమైనది యని చిన్నతనమున మా తండ్రిగారు పాఠము చెప్పిరి. కొఱతను దీర్చి చాలునట్లు చేయునదియే అలంకారము. ఇల్లు నడపు స్త్రీకి ఈ యర్థమును వేఱుగ బోధింప నక్కఱలేదు.

థైరా సమాధి యెచటనో నేటికిని తెలియలేదు. దక్షిణపు దిబ్బను త్రవ్వగా సమాధియే కానరాలేదు. కాని ఆ ప్రాంతమున నాలుగు శిలలపై ఆమె పేరున్నదని 2023లో పరిశోధకులు ప్రకటించిరి.

మా యూర మమ్ము పంతులుగారి భార్య యనియే పిలుతురు. మా పేరెఱిగినవారు నలుగురైనను లేరు. 2011 నుండి ఆ శిలలకు గాజుగదులు రక్షగా నున్నవి. ఆ గాజు ముందు నిలిచి రాణి పేరు చదివించుకొంటిమి. పిదప, మావారు వినకుండ, మా పేరును ఒకమాఱు మెల్లగా చెప్పుకొంటిమి.