వై నది వెంట కూల్చిన కోటలు

వేల్స్ నడుమ పిమ్లిమోన్ కొండమీద సెవెర్న్, వై నదులు దగ్గరదగ్గరగానే పుట్టి చెరో దారి పడతాయి. వై కొంతదూరం ఇంగ్లండ్‌కూ వేల్స్‌కూ సరిహద్దుగా పారుతుంది. 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ ప్రభువులు ఈ సరిహద్దు పొడవునా కోటలు కట్టారు. ఇప్పుడు వాటిలో చాలావరకు శిథిలాలే. కాలం కూల్చిందంటారు గానీ, ఆ నింద కాలానికి పూర్తిగా చెందదు.

నది వెంట దిగుతుంటే మొదట బిల్త్ ఊరు వస్తుంది. 1277లో మొదటి ఎడ్వర్డ్ రాజు ఇక్కడ రాతికోట కట్టించాడు. 1282 డిసెంబరులో వేల్స్ యువరాజు లెవెలిన్ ఈ ఊరి దాపునే హతమయ్యాడు. బిల్త్ వాళ్లు ఆయనకు ద్రోహం చేశారన్న మాట వేల్స్‌లో ఇంకా వినబడుతుంది. కోట మాత్రం లేదు. రాళ్లన్నీ జనం పట్టుకుపోగా మట్టిదిబ్బలు మిగిలాయి.

హే ఊళ్లో కథ వేరు. 17వ శతాబ్దంలో అక్కడి పాత బురుజును ఆనించి ఒక భవంతి లేపారు. యుద్ధం అక్కర్లేని ప్రభువుకు గోడల మందం కన్నా కిటికీల వెడల్పే ముఖ్యం. పాత పుస్తకాల వ్యాపారి రిచర్డ్ బూత్ ఆ కోటను కొని, 1977 ఏప్రిల్ 1న తనను తానే 'హే రాజు'గా ప్రకటించుకున్నాడు. తేదీ చూస్తే ఆయన చమత్కారం తెలుస్తుంది. అదే ఏడాది భవంతిలో కొంతభాగం తగలబడింది. మరమ్మతుల తర్వాత 2022లో జనానికి తెరిచారు.

హెరెఫర్డ్ కోట దాదాపు ఆనవాలు లేకుండా పోయింది. ఆ చోటు ఇప్పుడు పార్కు.

ఆగి చూడాల్సింది గుడ్రిచ్. ఎర్ర ఇసుకరాతి బురుజుల అడుగున కట్టిన ఏటవాలు దిమ్మలు, పునాది కింద సొరంగం తవ్వే శత్రువును అడ్డుకోవడానికి వేసినవి. ఫిరంగి ముందు అవి పనికిరాలేదు. 1646లో, ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో, రాజు మొదటి చార్లెస్ పక్షాన సర్ హెన్రీ లింజెన్ లోపల ఉన్నాడు. పార్లమెంటు పక్షాన కల్నల్ జాన్ బర్చ్ బయట కాశాడు. బర్చ్ దగ్గర 'రోరింగ్ మెగ్' అనే మోర్టార్ ఉంది, సుమారు 90 కిలోల గుండు విసిరేది. దాని దెబ్బకు తోడు నీళ్లూ ఆగిపోయి లోపలివాళ్లు లొంగిపోయారు. మరుసటి ఏడాది పార్లమెంటు ఆజ్ఞతో పైకప్పుల సీసం ఒలిచేశారు. కోట యజమానురాలు కెంట్ కౌంటెస్‌కు 1,000 పౌండ్లు పరిహారం దక్కినా ఆమె తిరిగి కట్టించలేదు. కప్పు పోయిన గోడ వానకు ఎన్నాళ్లు ఆగుతుంది? ఆ మోర్టార్ ఇప్పుడు అదే కోటలో ప్రదర్శనలో ఉంది.

శతాబ్దం తిరిగేసరికి ఈ శిథిలాలకే గిరాకీ వచ్చింది. నది ఒడ్డున ఉన్న రాస్ ఊరి నుంచి పడవెక్కి సంపన్నులు నది వెంట బొమ్మలు గీసుకుంటూ దిగేవారు. 1782లో వై యాత్ర మీద పుస్తకం అచ్చువేసిన విలియం గిల్పిన్ అనే మతగురువు గుడ్రిచ్ దృశ్యాన్ని మెచ్చాడు. దిగువన టింటర్న్ మఠం గోడలు మాత్రం ఆయన కంటికి మరీ తీరుగా కనిపించాయట. సుత్తితో అక్కడక్కడ పగలగొడితే బాగుంటుందని రాశాడు. గుడ్రిచ్‌లో బర్చ్ చేసిన పని ఆయనకు చాల్లేదన్నమాట!

చివరగా చెప్‌స్టో. సున్నపురాతి కొండచరియ మీద 1067లో మొదలైన కోట. అంతర్యుద్ధం ముగిశాక దీన్ని పడగొట్టలేదు, సైన్యానికీ జైలుకూ వాడుకున్నారు. మొదటి చార్లెస్ మరణశిక్ష ఆజ్ఞాపత్రం మీద సంతకం పెట్టిన హెన్రీ మార్టెన్ ఇక్కడే బందీగా ఉండి 1680లో చనిపోయాడు. కోట ద్వారానికి 1962 దాకా ఉన్న చెక్కతలుపులు 1190కి ముందువేనని చెట్టు వలయాల పరీక్ష తేల్చింది. యూరప్‌లో మిగిలిన కోట తలుపుల్లో అతి పాతవని వాటికి పేరు. ఇప్పుడు వాటిని వాన తగలకుండా లోపల పెట్టారు. కోట దాటిన కాసేపటికే వై మళ్లీ సెవెర్న్‌ను కలుస్తుంది.