జేబులో కెమెరాతో పాతబస్తీ

హైదరాబాద్ పాతబస్తీ కట్టడాలను ఫోటో తీయడానికి జేబులో పట్టే కెమెరాను మించింది లేదని నా గట్టి నమ్మకం. 19వ శతాబ్దం చివర్లో రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం కోసం ఈ ఊరిని గాజుపలకల మీదికి ఎక్కించాడు. ఆయన ఫోటోల్లో భవనాలు కూడా ముస్తాబై నిలబడినట్టుంటాయి. ఇప్పుడు చార్మినార్ చుట్టూ అంత తీరిక, అంత ఖాళీ ఎక్కడివి? వెనక పళ్ల బండి, పక్కన ముత్యాల కొట్టు. నాలుగు మినార్లూ పట్టాలని కెమెరా పైకెత్తామా, అవి వెనక్కి వాలిపోతాయి. పెద్ద కెమెరాలకు ఆ వాలు సరిచేసే లెన్సులున్నాయి. చిన్నదానికి మన కాళ్లే దిక్కు: దూరమైనా జరగాలి, ఎత్తైనా ఎక్కాలి. చార్మినార్ పైకెక్కి ఉత్తరం వైపు చూస్తే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్, దాని చుట్టూ చార్‌కమాన్ తోరణాలు, ఏ వంపూ లేకుండా దొరుకుతాయి.

మొత్తం పట్టదని తెలిశాకే కన్ను వివరాల మీదికి దిగుతుంది. అందుకు సంతోష్‌నగర్ దగ్గరి పైగా సమాధులకు వెళ్లాలి. హోదాలో నిజాం తర్వాత అంతటి వంశం పైగాలది. అక్కడి సున్నపు గచ్చు జాలీల దగ్గర ఎంతసేపైనా నిలబడిపోవచ్చు. ఒక జాలీలో నక్షత్రాలు, పక్కదాంట్లో అల్లుకున్న తీగ. ఎండ ఏటవాలుగా పడే వేళ ఆ అల్లిక నేల మీద నల్లగా పరుచుకుంటుంది. తెల్లటి సున్నాన్ని కెమెరా తన లెక్క ప్రకారం బూడిదరంగు చేసేస్తుంది. వెలుతురు మీటను కాస్త ప్లస్ వైపు జరిపితే సున్నం మళ్లీ సున్నంలా తెల్లబడుతుంది. ఫోకస్ కూడా జాలీ కన్నాల్లోంచి దూరి వెనక గోడ మీదికి పోతుంది. అందుకని కన్నం అంచు మీద బటన్ సగం నొక్కి, అది కుదిరాకే పూర్తిగా నొక్కుతాను.

బాద్‌షాహీ అషుర్‌ఖానాలో ఫ్లాష్ వద్దే వద్దు. అక్కడి గోడల మెరుగు పెంకుల మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ మిగలదు. కెమెరాను స్తంభానికి ఆనించి, రెండు సెకన్ల టైమర్ పెట్టి, ఊపిరి బిగబడితే చాలు. 1908 మూసీ వరదకు పెంకులు దెబ్బతిన్నచోట తర్వాత రంగులతో పూరించారు. పెంకు ఆగి రంగు మొదలయ్యే ఆ అంచును దగ్గరగా తీయండి. వరద ఎంత పని చేసిందో అక్కడ కనిపిస్తుంది.

పత్తర్‌గట్టీ రాతి కమాన్లను కొట్ల బోర్డులు మింగేస్తుంటే గుండె తరుక్కుపోతుంది. అయినా కంప్యూటర్లో ఆ బోర్డులను, కరెంటు తీగలను చెరిపేయడానికి నాకు చేతులు రావు. ఆ రోజు ఆ కట్టడం ఎలా ఉందో ఫోటో చెప్పాలి కదా.

2019 మే నెలలో చార్మినార్ మినార్ ఒకదాని నుంచి గచ్చు పెచ్చు ఊడిపడింది. అలాంటి పనిని మళ్లీ నిలబెట్టే మేస్త్రీకి గానుగ సున్నం ఒక్కటే ఉంటే సరిపోదు, ఊడిపోయిన గచ్చు పువ్వుకు ఎన్ని రేకులున్నాయో తెలియాలి. అది ఏ యాత్రికుడి ఫోటోలోనైనా దొరకవచ్చు. అందుకే ప్రతి ఫోటోకూ తేదీ, ఏ వైపు మినార్, ఎన్నో అంతస్తు అన్నది రాసి పెట్టుకోమని కెమెరా పట్టుకొచ్చే ప్రతివాళ్లనూ బతిమాలుతుంటాను.